మైగ్రేన్‌కి ఎమ్మారై తీయిస్తే మెదడులో తెల్ల చుక్కలున్నాయన్నారు, ఎవరికైనా ఇలా వచ్చిందా?

విజయనగరం_టీచరమ్మ
(ఆదివారం రాత్రి 10:52)

అందరికీ నమస్కారం. నాకు 39 ఏళ్ళు, ఇక్కడే హైస్కూల్లో లెక్కలు చెప్తాను. టెన్త్ చదివినప్పటి నుంచి ఒక పక్క తలపోటు ఉంది, మా అమ్మకీ ఉండేది, ఆవిడ తలకి తుండుగుడ్డ బిగించి కట్టుకుని చీకటి గదిలో పడుకునేది, మా ఇంట్లో దానికి అదే మందు. నాకు నెలకి మూడు నాలుగు సార్లు వస్తాది, వాంతులవుతాయి, వెలుతురు చూడలేను, మర్నాటికి తగ్గిపోతాది, అలవాటైపోయింది.

మొన్న దసరా సెలవులకి ముందు మాత్రం కొత్తగా జరిగింది. బోర్డు మీద వర్గ సమీకరణం రాస్తున్నాను, రాసిన దాంట్లో కుడి పక్క సగం కనపడలేదు. ఎక్స్ ఉంది, ఈక్వల్ టు ఉంది, ఆ తర్వాత బోర్డే లేదు. చాక్‌పీసు ఆపి మళ్ళీ చూస్తే ఆ లేని చోట అంచున రంపం పళ్ళలాగ మెరుస్తా ఒక గీత, చిన్నగా మొదలై పెద్దదవుతా పక్కకి జరుగుతోంది. కళ్ళు మూసుకున్నా కనిపించింది. ఇరవై నిమిషాలుండి పోయింది, వెనకాలే తలపోటు. పిల్లలకి చెప్పలేదు, ఎవరి లెక్క వాళ్ళు చేసుకోమని కుర్చీలో కూర్చున్నాను.

భయపడి ఎమ్మారై తీయించాం. రిపోర్టులో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను: "బైలేటరల్ ఫ్రంటల్ సబ్‌కార్టికల్ వైట్ మాటర్‌లో ఫ్యూ టైనీ టీ2 ఫ్లెయిర్ హైపర్‌ఇంటెన్స్ ఫోకై, నాన్ స్పెసిఫిక్, క్రానిక్ స్మాల్ వెసెల్ ఇస్కీమిక్ చేంజెస్ ఆర్ మైగ్రేన్ రిలేటెడ్, క్లినికల్ కోరిలేషన్ సజెస్టెడ్." మావారు ఆ ఫిల్ములు ట్యూబ్‌లైటుకి అడ్డం పెట్టి చూసి, ఇస్కీమిక్ అంటే పక్షవాతమే కదా అన్నారు. అప్పటి నుంచి నాకు నిద్ర లేదు. సిరిమాను నాడు ఇంటి నిండా చుట్టాలు, అందరికీ వండి వడ్డించాను గానీ మనసంతా ఆ చుక్కల మీదే ఉంది. విశాఖలో న్యూరాలజిస్టు అపాయింట్‌మెంటు ఇంకా పన్నెండు రోజులుంది. ఇలా ఎవరికైనా వచ్చిందా? మతిమరుపు వస్తాదా?

బొబ్బిలి_అప్ప

అమ్మా, ముందు కడుపు నిండా తిని పడుకో. నాకు 54, ముప్ఫై ఏళ్ళ నుంచి ఇదే తలపోటు, నీలాగే 2016లో నాకూ చుక్కలొచ్చాయి. నా రిపోర్టులో ఇంకో మాట కూడా రాసీసారు, "డీమైలినేషన్ కాదని నిర్ధారించుకోవాలి" అని, అంటే నరాల మీది పొర పోవడమట. మా అబ్బాయి అది నెట్‌లో కొట్టి చూసి మల్టిపుల్ స్క్లిరోసిస్, ఎమ్మెస్ అనే నరాల జబ్బు అనుకున్నాడు, కాళ్ళు పడిపోతాయని ఇంట్లో అందరూ ఏడుపు. ఏడు నెలలు అలాగే బతికీసాం తల్లీ, మా ఆయన మేడ మీద గది ఖాళీ చేయించి నా మంచం కిందకి దింపించీసారు.

ఆఖరికి ఒక న్యూరాలజిస్టు దగ్గరకెళ్తే ఆయన రిపోర్టు కాయితం పక్కన పెట్టీసి, సీడీ కంప్యూటర్లో వేసి తనే ఒక్కొక్క బొమ్మ జరిపి చూసారు. ఆ ఎమ్మెస్ మచ్చలు ఎలాగుంటాయంటే మెదడు మధ్యలో నీళ్ళ గదులుంటాయట, వాటి అంచుకి నిట్టనిలువుగా వేళ్ళు పెట్టినట్టు ఉంటాయట, వెన్నుపాములో కూడా వస్తాయట. నావి పైన ఎక్కడో ఆవగింజల్లాగ విడివిడిగా ఉన్నాయి. వెన్నుపాము స్కాన్ కూడా తీయించారు, శుభ్రంగా ఉంది. రెండేళ్ళకి మళ్ళీ తీయిస్తే అవే చుక్కలు, అక్కడే, అంతే. ఇప్పటికీ మనవల లెక్కలు నేనే చూస్తన్నాను.

నాగావళి_గట్టు

టీచర్ గారూ నాకు తెలిసినంత వరకు ఇవి చిన్న చిన్న స్ట్రోకులండి, మినీ స్ట్రోక్ అంటారు, మా ఆఫీసులో ఒకాయనకి ఇలాగే వస్తే రోజూ ఆస్పిరిన్ 75 వేసుకుంటున్నారు. ఆలస్యం చేయకుండా మొదలుపెట్టీయండి, మెడికల్ షాపులో చీటీ లేకుండానే ఇస్తారు.

స్కానింగ్_రూం

నేను శ్రీకాకుళంలో ఎమ్మారై టెక్నీషియన్‌ని, పదకొండేళ్ళ నుంచి ఇదే పని. రిపోర్టు రాసేది రేడియాలజిస్టు, నేను కాదు, కాబట్టి జబ్బు గురించి చెప్పను. కానీ ఆ తెల్లగా కనపడేది ఏటో చెప్పగలను, ఎందుకంటే బయటకొచ్చిన ప్రతి ఒక్కరూ అదే అడుగుతారు.

మెదడు పైపొర గ్రే మాటర్, లోపలది వైట్ మాటర్, అంటే కరెంటు వైర్ల కట్టలాంటిది, వైరు మీద ప్లాస్టిక్ తొడుగున్నట్టు అక్కడ నరాల తీగల మీద మైలిన్ అనే కొవ్వు పొర ఉంటుంది. ఫ్లెయిర్ అనే సీక్వెన్స్‌లో మామూలు నీళ్ళ సిగ్నల్‌ని మెషీన్ అణిచీస్తుంది, కాబట్టి గదుల్లో ఉన్న నీరు నల్లగా పడుతుంది. కణజాలంలో ఎక్కడైనా మామూలు కంటే కాస్త ఎక్కువ తేమ చేరినా, మైలిన్ పలచబడినా అది అణగదు, తెల్లగా మెరుస్తుంది. అందుకే దాన్ని హైపర్‌ఇంటెన్స్ అంటారు, ఎక్కువ మెరుస్తుందని, అంతే ఆ మాటకి అర్థం. ఎందుకు మెరుస్తోందో బొమ్మ చెప్పదు. బీపీ వల్ల వచ్చినా, వయసు వల్ల వచ్చినా, షుగర్, సిగరెట్, మైగ్రేన్, దేని వల్ల వచ్చినా ఒక్కోసారి చుక్క ఒకేలా ఉంటుంది. నాన్ స్పెసిఫిక్ అని రాసింది అందుకే.

ఇంకోటి. 1.5 టెస్లా మెషీన్లో కనపడని చుక్క 3 టెస్లాలో కనపడొచ్చు. ఒకసారి ఒకచోట, మళ్ళీ ఏడాది ఇంకోచోట తీయించి "రెండున్నవి ఐదయ్యాయి" అని ఏడ్చినవాళ్ళని చూసాను. పెరిగాయా లేదా తెలియాలంటే అదే బలం ఉన్న మెషీన్లో, అవే సీక్వెన్సులు తీసి, పాత బొమ్మ పక్కన పెట్టుకుని చూడాలి. సీడీ జాగ్రత్తగా దాచండి, ఫిల్ము కంటే సీడీయే ముఖ్యం.

రాజాం_మెడిసిన్

జనరల్ మెడిసిన్ పీజీ చేస్తున్నాను, మాది రాజాం. టీచర్ గారూ, మీ డాక్టరు చూసాక ఆవిడ మాటే ఫైనల్. కానీ పన్నెండు రోజులు నిద్ర లేకుండా ఉండకూడదు, అందుకే ఇంత పొడుగు రాస్తున్నాను.

ముందు నాగావళి గారికి. అన్నయ్యా, మీరు మంచికే చెప్పారని తెలుసు, కానీ ఆస్పిరిన్ సొంతంగా మొదలుపెట్టించకండి. కడుపులో రక్తస్రావం చేయగల మందు అది. స్ట్రోక్ వచ్చినవాళ్ళకి మళ్ళీ రాకుండా ఇస్తాం, సరే. మైగ్రేన్ ఉన్న మనిషికి నాలుగు చుక్కలు కనిపించాయని ఆ చుక్కల కోసం ఇవ్వం.

ఇప్పుడు విషయానికి. ఇస్కీమిక్ అంటే రక్తం సరిగ్గా అందకపోవడం, రిపోర్టులో ఆ మాట ఉన్నంత మాత్రాన పక్షవాతం అని కాదు. దీని మీద బాగా పేరున్న స్టడీ నెదర్లాండ్స్‌లో జరిగింది, కేమెరా అంటారు, 2004లో జామా పత్రికలో వచ్చింది. ఆసుపత్రికి వచ్చిన రోగుల్ని కాకుండా మామూలు జనం లోంచి 30 నుంచి 60 ఏళ్ళ వాళ్ళని తీసుకున్నారు, మైగ్రేన్ ఉన్నవాళ్ళు 295 మంది, లేనివాళ్ళు 140 మంది, అందరికీ ఎమ్మారై చేసారు. మైగ్రేన్ ఉన్న ఆడవాళ్ళలో లోపలి వైట్ మాటర్ మచ్చలు ఎక్కువగా ఉండే అవకాశం లేనివాళ్ళ కంటే సుమారు రెండింతలు. మగవాళ్ళలో ఆ తేడా కనపడలేదు. చిన్నమెదడు వైపు, తెలియకుండా వచ్చిపోయిన చిన్న ఇన్‌ఫార్క్ట్‌లు, అంటే రక్తం అందక దెబ్బతిన్న చోట్లు కూడా మైగ్రేన్ ఉన్నవాళ్ళలో 5.4 శాతం మందిలో, లేనివాళ్ళలో 0.7 శాతం మందిలో కనిపించాయి. ఆరా ఉండి, నెలకి ఒకసారో అంతకంటే ఎక్కువో తలపోటు వచ్చేవాళ్ళలో మరీ ఎక్కువ. బోర్డు మీద మీకు సగం కనపడకుండా మెరిసిన ఆ గీత ఉంది చూసారా, అదే ఆరా.

ఇక్కడితో ఆపేసి చదివితే ఎవరికైనా గుండె జారుతుంది, నెట్‌లో చాలామంది ఇక్కడితోనే ఆపుతారు. కానీ అదే మనుషుల్ని తొమ్మిదేళ్ళ తర్వాత మళ్ళీ పిలిచి స్కాన్ చేసారు, 2012లో వచ్చింది ఆ రిజల్టు. మైగ్రేన్ ఉన్న ఆడవాళ్ళలో 77 శాతం మందికి మచ్చలు పెరిగాయి. మైగ్రేన్ లేని ఆడవాళ్ళలో? 60 శాతం మందికి పెరిగాయి! అంటే వయసుతో పాటు అందరికీ పెరుగుతున్నాయి, మైగ్రేన్ వాళ్ళకి కాస్త ఎక్కువ. మీరడిగిన మతిమరుపు సంగతి కూడా అందులోనే చూసారు, జ్ఞాపకశక్తి, ఆలోచన పరీక్షలు పెడితే మచ్చలు ఎక్కువున్న మైగ్రేన్ వాళ్ళు ఏమీ వెనకబడలేదు. ఎన్నిసార్లు తలపోటు వచ్చిందో దానికీ, మచ్చలు పెరగడానికీ సంబంధం కనపడలేదు. ఫ్రాన్స్‌లో సగటున 69 ఏళ్ళున్న 780 మందిని చూసిన స్టడీ 2011లో వచ్చింది, అక్కడా అంతే, తలనొప్పులున్నవాళ్ళలో మచ్చలెక్కువ, తెలివితేటల్లో తేడా లేదు.

మచ్చలు ఎందుకొస్తాయన్నది ఇంకా తేలలేదు. చిన్న రక్తనాళాల లోపలి పొర సరిగ్గా పనిచేయకపోవడమా, ఆరా సమయంలో రక్తప్రసారం తగ్గడమా, రకరకాలుగా చెప్తున్నారు. ఆరా మాత్రం ఎలా నడుస్తుందో బాగా తెలుసు. మెదడు వెనక భాగం పైపొరలో ఒక అల లేచి నిమిషానికి సుమారు 3 మిల్లీమీటర్ల చొప్పున పాకుతుంది, అది వెళ్ళిన చోటల్లా కణాలు కాసేపు ఉద్రేకపడి తర్వాత మూగబోతాయి. 1944లో లియావో అనే బ్రెజిల్ శాస్త్రవేత్త జంతువుల మెదడులో దీన్ని చూపించాడు. మీ గీత ఇరవై నిమిషాల్లో మెల్లగా పెద్దదై జరిగిందన్నారే, ఆ నెమ్మదితనమే దాని గుర్తు. స్ట్రోక్ అలా పాకదు, ఉన్నట్టుండి పడుతుంది. మూతి వంకరైనా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా మైగ్రేనే అనుకుని పడుకోవద్దు, వెంటనే 108కి ఫోన్ చేయండి. రక్తం గడ్డ కరిగించే ఇంజక్షన్‌కి నాలుగున్నర గంటలే టైం.

విజయనగరం_టీచరమ్మ

డాక్టర్ గారూ, మీ పోస్టు రెండుసార్లు మావారికి చదివి వినిపించాను. 77, 60 దగ్గర ఆయన కూడా ఆగి మళ్ళీ చదవమన్నారు. లెక్కల టీచర్ని అయ్యుండి పక్కన ఇంకో అంకె ఉండాలి కదా అని నాకే తోచలేదు. భయం అలా చేసేస్తాది. చాలా చాలా థాంక్స్ అండి.

నాగావళి_గట్టు

తప్పయిపోయిందండి. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. మా ఆఫీసాయనకి గుండెలో స్టెంటు ఉందని ఇప్పుడు గుర్తొచ్చింది.

పలాస_గుంట

అన్నయ్యా ఒక డౌటు. నాకు 26, ఇంటర్ నుంచి ఆ మెరుపు గీతలు వస్తాయి. మా వీధి వెనక జీడిపిక్కలు కాల్చినప్పుడు ఆ పొగ తగిలితే చాలు వచ్చీస్తాది. నాకు పీసీవోడీ ఉంది, నెలసరి సరిగ్గా రావాలని గర్భనిరోధక మాత్రలు రాసారు, రెండేళ్ళ నుంచి వాడుతున్నాను. రాసినప్పుడు తలనెప్పి ఉందా అని నన్నెవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. దీనికీ దానికీ ఏమైనా ఉందా?

రాజాం_మెడిసిన్

ఉందమ్మా, ఈ మొత్తం చర్చలో ముఖ్యమైన ప్రశ్న నువ్వే అడిగావు. ఆరా ఉన్న మైగ్రేన్‌లో పక్షవాతం రిస్కు మామూలు మీద సుమారు రెండింతలు. నీ వయసులో ఆ మామూలు రిస్కే చాలా తక్కువ కాబట్టి రెండింతలైనా తక్కువే, హడలిపోకు. కానీ ఈస్ట్రోజన్ ఉన్న మాత్రలు దాన్ని ఇంకా పెంచుతాయి, దానికి సిగరెట్ తోడైతే మరీనూ. అందుకే ఆరా ఉన్నవాళ్ళకి ఈస్ట్రోజన్ కలిసిన మాత్రలు వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ గైడ్‌లైన్స్‌లోనే ఉంది. స్ట్రిప్ వెనక ఎథినైల్ ఈస్ట్రడయోల్ అని ఉందేమో చూడు. ఉంటే రేపే గైనకాలజిస్టుకి ఫోన్ చేసి "నాకు ఆరా ఉంది" అని ఆ మాటతోనే చెప్పు. ప్రొజెస్టరాన్ ఒక్కటే ఉన్నవీ, వేరే దారులూ ఉన్నాయి. చుక్కలున్నాయా లేవా అని నువ్వు స్కాన్‌కి పరిగెత్తక్కర్లేదు, ఈ మాత్ర సంగతి తేల్చుకో చాలు.

పలాస_గుంట

ఉంది అన్నయ్యా. అదే పేరు ఉంది స్ట్రిప్ మీద. పొద్దున్నే వెళ్తాను.

ఉద్దానం_కుర్రోడు

మాది కవిటి మండలం. తలపోటు మాటొచ్చింది కాబట్టి నేను ఒకటి చెప్పాలి, కోపం వచ్చినా సరే చెప్తాను. మా నాన్న కొబ్బరి చెట్లెక్కీవోడు, సాయంత్రానికి ఒళ్ళునొప్పులు, తలపోటు, ఊళ్ళో బడ్డీ కొట్టులో రెండు నొప్పి బిళ్ళలు తెచ్చుకుని వేసీసుకునీవోడు, ఏ రోజూ తప్పలేదు. ఇప్పుడు వారానికి రెండుసార్లు డయాలసిస్. మా ఉద్దానంలో కిడ్నీ జబ్బు బిళ్ళల వల్లే వచ్చిందని నేను అనట్లేదు, ఎందుకొస్తాదో ఇన్నేళ్ళయినా ఎవరూ ఇదీ అని తేల్చలేదు, బిళ్ళలు ముట్టనివాళ్ళకీ వచ్చింది. కానీ కిడ్నీ ముందే బలహీనంగా ఉన్నోడికి డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి ఉన్న కాస్తా పాడుచేస్తాయని పలాస ఆసుపత్రిలో డాక్టరు మాకు గట్టిగా చెప్పారు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఈ పక్కవాళ్ళు మైగ్రేన్‌కి బిళ్ళ వేసుకునే ముందు ఒక్కసారి క్రియాటినిన్ టెస్టు, అదే కిడ్నీ ఎలాగుందో చెప్పే రక్త పరీక్ష, చేయించుకోండి. నా చెల్లికి కూడా ఒక పక్క తలపోటు ఉంది, బిళ్ళల డబ్బా నేనే దాచీసాను, అడిగితే ఇస్తాను, లెక్క రాస్తాను.

స్కానింగ్_రూం

తమ్ముడు చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం. దీనికి నా వైపు నుంచి ఇంకోటి. ఎమ్మారైలో ఒక్కోసారి గాడోలీనియం అనే కాంట్రాస్ట్ ఇంజక్షన్ ఇస్తారు, కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్ళకి అది ఇచ్చే ముందు చాలా ఆలోచించాలి. మేము క్రియాటినిన్ అడిగేది అందుకే, డబ్బుల కోసం అనుకోకండి.

రాజాం_మెడిసిన్

నొప్పి బిళ్ళల దగ్గరే ఇంకో మాట. మామూలు నొప్పి బిళ్ళలు నెలకి 15 రోజులో అంతకంటే ఎక్కువో, మైగ్రేన్‌కి వాడే ట్రిప్టాన్లు గానీ ఎర్గాట్ గానీ రెండు మూడు కలిపిన బిళ్ళలు గానీ నెలకి 10 రోజులు, ఇలా మూడు నెలలు దాటితే ఆ బిళ్ళలే రోజూ తలపోటు తెప్పిస్తాయి. అప్పుడు ఎంత వేసుకున్నా తగ్గదు. ఎర్గాట్ రక్తనాళాల్ని బిగిస్తుంది, ట్రిప్టాన్ వేసుకున్న 24 గంటల్లోపు అది వేసుకోకూడదు. మన ఊళ్ళలో ఎర్గాట్ కలిసిన స్ట్రిప్ అడిగినవాళ్ళకల్లా ఇచ్చేస్తుంటారు, నాకు చాలా బాధగా ఉంటుంది అది చూస్తే.

కోట_జంక్షన్

నేను ఇన్నాళ్ళూ చదవడమే, రాయడం ఇదే మొదలు. నాకు 34, ఆరా ఉన్న మైగ్రేన్. మా నాన్నకి 46కి పక్షవాతం, బీపీ లేదు షుగర్ లేదు. బాబాయికి 52 వచ్చేసరికి దారి మర్చిపోవడం మొదలైంది. మా తాత కూడా చిన్నప్పుడే మంచాన పడ్డాడంటారు. నాకు స్కాన్‌లో చుక్కలు కాదు, రెండు పక్కలా పెద్దగానే ఉన్నాయన్నారు, కణతల దగ్గర ముందు వైపు ఎక్కువని రాసారు. మైగ్రేన్‌కి ఇవి మామూలే అని ఒకచోట పంపించీసారు. మీ మాటలు చదివాక ధైర్యమూ వచ్చింది, అనుమానమూ వచ్చింది.

రాజాం_మెడిసిన్

అన్నయ్యా, టీచర్ గారికి చెప్పిన ధైర్యం మీరు తీసుకోవద్దు, మీది వేరే లెక్క. ఆరా, కుటుంబంలో చిన్న వయసు పక్షవాతాలు, చిన్న వయసు మతిమరుపు, టెంపోరల్ లోబ్ ముందు భాగంలో మచ్చలు, ఈ నాలుగూ కలిస్తే కడాసిల్ అనే వంశపారంపర్య జబ్బు ఉందేమో చూడాలి. 19వ క్రోమోజోమ్ మీద నాచ్3 అనే జీన్‌లో మార్పు వల్ల వస్తుంది, చిన్న రక్తనాళాల గోడలు పాడవుతాయి. అదే అని నేను అనడం లేదు. కానీ న్యూరాలజిస్టు దగ్గర మీ నాన్నగారి, బాబాయి గారి సంగతి ఆయన అడగకుండానే మీరే ముందు చెప్పండి, ఎవరికి ఏ వయసులో ఏం వచ్చిందో కాగితం మీద వంశవృక్షంలా గీసి పట్టుకెళ్ళండి. జీన్ టెస్టుకి ముందు కౌన్సెలింగ్ ఉంటుంది, తొందరపడి పిల్లలకి చేయించకండి.

కోట_జంక్షన్

మా నాన్న పాత స్కాన్ ఫిల్ములు అటక మీద ఉన్నాయి. దింపుతాను.

బొబ్బిలి_అప్ప

దింపు బాబూ. ఒక్కడివే వెళ్ళకు, మీ ఆవిడని తీసుకెళ్ళు.

విజయనగరం_టీచరమ్మ
(మూడు వారాల తర్వాత)

నమస్కారం. విశాఖ వెళ్ళొచ్చాం, ఆలస్యంగా రాస్తున్నందుకు ఏమీ అనుకోకండి, పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను.

డాక్టరమ్మ సీడీయే చూసారు, అప్ప చెప్పినట్టే. ఏడు చుక్కలు లెక్కపెట్టి చూపించారు, అన్నిటికన్నా పెద్దది 3 మిల్లీమీటర్లు. ఫాజెకాస్ గ్రేడ్ 1 అన్నారు, సున్నా నుంచి మూడు వరకు ఉంటుందట ఆ కొలత. దీని గురించి మాట్లాడింది ఐదు నిమిషాలే. తర్వాత బీపీ చూసారు, 152 బై 96. కాసేపు కూర్చోబెట్టి మళ్ళీ చూసారు, 150 బై 94. నాకు బీపీ ఉందని నాకే తెలీదు, ఇన్నేళ్ళ తలపోటులో నా చేతికి ఆ పట్టీ కట్టినవాళ్ళు లేరు. ఇంట్లో వారం రోజులు పొద్దునా సాయంత్రం చూసి రాసుకురమ్మన్నారు, రాసాను, పద్నాలుగిట్లో పదకొండు 135 బై 85 పైనే ఉన్నాయి. మీ చుక్కల మీద నేను ఏమీ చేయలేను గానీ ఈ అంకె మీద చేయగలను, చుక్కలు పెరగడానికి మైగ్రేన్ కంటే ఇదే పెద్ద కారణం అవుతుంది అన్నారు.

చిన్నప్పుడు నాకు ఆయాసం ఉండేది, అది చెప్తే ప్రొప్రనలాల్ అనే మైగ్రేన్ మందు వద్దని కాండిసార్టన్ రాసారు, బీపీకీ మైగ్రేన్ రాకుండా ఉండడానికీ రెండిటికీ పనికొస్తుందట, గర్భం వచ్చే ఆలోచన ఉంటే మాత్రం వాడకూడదని ముందే అడిగారు. ఎండుచేపలు, ఊరగాయ తగ్గించమన్నారు, ఆవకాయ లేకుండా ముద్ద దిగదు నాకు, ఇప్పుడు పెరుగన్నంలోకి ఒక్క ముక్క. భోజనం టైం తప్పకూడదన్నారు, కార్తీక సోమవారాలు ఉపవాసం ఉండాలా వద్దా అని అత్తగారిని అడిగితే ఆవిడే వద్దన్నారు.

ఈ మూడు వారాల్లో తలపోటు ఒక్కసారే వచ్చింది. మందు వల్లో నిద్ర పట్టడం వల్లో ఇంకా చెప్పలేను, చిన్న నోటుబుక్ పెట్టాను, తేదీ, టైం, ఏం తిన్నాను, బిళ్ళ వేసుకున్నానా, అన్నీ రాస్తున్నాను. మా అమ్మకి కూడా మొన్న ఆదివారం బీపీ చూసాను, 170 ఉంది. ఆవిడని సోమవారమే తీసుకెళ్ళాను.

పలాస చెల్లీ, నీ సంగతి ఏమైంది? కోట జంక్షన్ తమ్ముడూ, వెళ్ళావా?

పలాస_గుంట

మాత్ర ఆపీసారు టీచరమ్మా, వేరేది ఇచ్చారు. మా పీజీ హాస్టల్లో ఇంకో ఇద్దరు అదే మాత్ర వాడుతున్నారు, వాళ్ళకి గీతలు వస్తాయా అని అడిగాను. ఒకమ్మాయికి వస్తాయట.

కోట_జంక్షన్

వచ్చే గురువారం. కాగితం గీసాను, ముత్తాత దాకా వచ్చింది.

విజయనగరం_టీచరమ్మ

మంచిది తమ్ముడూ, గురువారం రాత్రి చూస్తూ ఉంటాను. స్కానింగ్ రూం గారూ, సీడీ బీరువాలో పట్టుచీరల కింద పెట్టాను, పర్లేదా?

స్కానింగ్_రూం

కలరా ఉండలు తగలకుండా చూడండి టీచర్ గారూ. సీడీలు గీతలు పడి కొన్నాళ్ళకి ఓపెన్ అవ్వవు, ఈ వారంలోనే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించీసుకోండి, ఫోల్డరు మొత్తం కాపీ చేయాలి, బొమ్మలు మాత్రమే చేస్తే మళ్ళీ పోల్చి చూడ్డానికి పనికిరావు.